పాత డిస్కులో తెలుగు

మా నాన్న కంప్యూటర్ పోయిన సంక్రాంతికి వారం ముందు మొరాయించింది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద విండోస్ ఎక్స్‌పీ బొమ్మ వస్తోంది, దాని కింద నీలం గళ్ళు అలా పరుగెడుతూనే ఉన్నాయి. ఎంతసేపు చూసినా అంతే. డబ్బా లోపల్నుంచి మాత్రం టిక్కు, టిక్కు అని గోడగడియారంలాంటి చప్పుడు. ఆ చప్పుడు విన్న ఏ కంప్యూటరువాడికైనా గుండె జారుతుంది. హార్డ్ డిస్కులో చదివే ముల్లు తన దారి తను వెతుక్కోలేక మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చి కొట్టుకుంటోందని అర్థం.

"కొత్తది కొనీద్దాం నాన్నా, ఇది 2003 నాటిది" అన్నాను.

"సిస్టం పోతే పోనీరా. అందులో నా ఊరుంది. అది తీసి ఇచ్చీ" అన్నాడు.

నాన్న ఊరు నిజంగానే ఇంకెక్కడా లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేయించిన 64 గ్రామాల్లో అదొకటి. 1966 ఉద్యమం గురించి, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదం గురించి, అమృతరావు నిరాహారదీక్ష గురించి మనం చదువుకున్నాం. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన సంగతీ చదువుకున్నాం. ఆ శంకుస్థాపనకీ, 1990లో గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలగడానికీ మధ్య దాదాపు ఇరవై ఏళ్ళున్నాయి. ఊళ్ళు లేచిపోయింది ఆ ఇరవై ఏళ్ళలోనే. భూమి పోయినవాళ్ళకి ఆర్-కార్డులు ఇచ్చారు. ఆ కార్డు మీద నాన్నకి ప్లాంటులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. "డ్యూటీ బస్సు మా మడి మీంచే ఎల్లేది" అని ఇప్పటికీ అంటాడు, పెద్ద విశేషమేం కానట్టు.

2004 నుంచి ఒక నాలుగేళ్ళు, డ్యూటీ అయ్యాక రోజుకో అరగంట కూచుని నాన్న ఆ కంప్యూటర్లో ఒక జాబితా టైపు చేశాడు. ఊళ్ళోని మడిచెక్కల పేర్లు, బావులు, గెడ్డలు, బందలు, తాటితోపులు, ఏ కల్లం ఎవరిది, ఏ చెట్టు కింద ఏ అమ్మవారు. మొత్తం 118 పేర్లు, ఒక్కో పేరుకీ రెండు మూడు వాక్యాలు. ప్రింటు తీసి బీరువా పక్కన అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కూర్మన్నపాలెంలోని మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, గదిలోకి కొట్టిన వానకి ఆ పెట్టె ముద్దయిపోయింది. కంప్యూటర్ మేజా మీద ఉంది కాబట్టి బతికింది. మళ్ళీ ప్రింటు తీద్దాం తీద్దాం అనుకుంటూ పదేళ్ళు గడిచిపోయాయి. ఇందులో తప్పు నాదే. కంప్యూటర్లే నా వృత్తి, మధురవాడ నుంచి కూర్మన్నపాలెం గంటన్నర ప్రయాణం, అయినా ఆ పని చెయ్యలేదు.

హార్డ్ డిస్కు మార్చడం అనగానే కొత్తది కొని, పాతదాంట్లోవి ఇందులోకి లాగెయ్యడమే కదా అనిపిస్తుంది. ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానంటే, ఆ 'లాగెయ్యడం' అన్న మాటలో తెలుగు అచ్చుకి సంబంధించిన ముప్పై ఏళ్ళ చరిత్ర ఇరుక్కుని ఉందని నాకు ఈ పని చేస్తేగానీ తెలియలేదు.

ముందు డిస్కు సంగతి. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. బరువు టన్నుకి పైగా. దానికి గుర్తుండేది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ అంత సరుకునీ ఐదుంబావు అంగుళాల పెట్టెలోకి దించింది. ఇళ్ళలోకి డిస్కులు రావడం అప్పట్నుంచే. నాన్న డిస్కు 40 గిగాబైట్లది, అంటే ఐబీఎం వాళ్ళ ఆ బీరువాలు ఎనిమిదివేలు. ఇంత సరుకు అంత చోట పట్టాలంటే ముల్లు పళ్ళేనికి మరీ దగ్గరగా, తగలకుండా తేలాలి. ఆ ఎడం తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అటువంటి యంత్రం ఉప్పుగాలి వీచే ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ములో ఇరవై ఏళ్ళు పనిచెయ్యడమే వింత. ఇలాంటి డిస్కులు మామూలుగా ఐదారేళ్ళు బాగా పనిచేస్తే గొప్ప.

చచ్చిపోతున్న డిస్కు విషయంలో మొదటి సూత్రం, దాన్ని ఇంక వాడకూడదు. ప్రతిసారీ ఆన్ చేసి "ఈసారి వస్తుందేమో" అని చూడటమంత చేటు ఇంకోటి లేదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని ఒక పుకారుంది, దాని జోలికీ వెళ్ళొద్దు. నేను డిస్కు ఊడదీసి, ద్వారకానగర్‌లో పాత ఐడీఈ డిస్కుల్ని యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ ఒకటి వెతికి పట్టుకుని, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో నా ల్యాప్‌టాప్ తెరిచి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం నడిపాను. ఇది ఫైళ్ళని పట్టించుకోదు. డిస్కుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా, ఒక్కో గడిలో 512 బైట్లు చొప్పున, ఉన్నదున్నట్టు నకలు తీస్తుంది. 40 గిగాబైట్లంటే సుమారు 7 కోట్ల 80 లక్షల గళ్ళు. మొదటి విడతలో సులువుగా చదవగలిగినవి చదివి, మొండికేసినవి వదిలి ముందుకుపోతుంది. రెండో విడతలో వదిలినవాటి దగ్గరికి వెనక్కి వస్తుంది. ఎన్నిసార్లు అడిగినా జవాబివ్వని గళ్ళని మాత్రం ఒక పట్టీలో రాసిపెడుతుంది: ఫలానా చోట ఇన్ని గళ్ళు చదవలేకపోయాను అని.

రాత్రంతా అది అలా నడుస్తుంటే నాకు బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. 1820ల్లో కడప, మచిలీపట్నం, రాజమండ్రిల్లో ఉద్యోగం చేస్తూ, సొంత జీతం పెట్టి పండితుల్నీ రాయసగాళ్ళనీ కుదుర్చుకుని తాళపత్రాలకి కాగితం మీద నకళ్ళు తీయించిన సి.పి. బ్రౌన్. 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు ఆయన చేయించింది ఇదే పని. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదాంట్లో పురుగు తిన్నచోట ఇంకోదాంట్లో ఏముందో చూడటం. తాటాకు పదికాలాలు ఉంటుందని మనం అనుకుంటాం గానీ మన వాతావరణంలో దానికీ ఆయుష్షు తక్కువే. మనకి మిగిలిన ప్రాచీన కావ్యాలన్నీ నకలుకి నకలుకి నకలు. లేఖకులు ప్రతి చివర్లో ఒక మాట రాసేవాళ్ళు: చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పుంటే నన్ను తిట్టకండి అని. డీడీరెస్క్యూ రాసే పట్టీ కూడా అదే మాట చెబుతోందని నాకనిపించింది.

తెల్లారేసరికి 312 గళ్ళు తప్ప మిగతావన్నీ వచ్చాయి. చాలావరకు విండోస్ సొంత సామాను ఉన్న చోట పోయాయి, పోతే పోయాయి. నాన్న ఫైలులో పోయింది ఒకే ఒక్క గడి. అంత సంతోషం నాకు ఏ ఉద్యోగంలోనూ రాలేదు. వెంటనే ఆ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న యూరపు అక్షరాలు, పౌండు గుర్తు, కాపీరైటు గుర్తు. తెలుగు ఒక్క ముక్క లేదు.

ఫైలు చెడిపోలేదు, ఆ రోజుల్లో తెలుగంటేనే అది. కంప్యూటరుకి అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకెకి ఏ అక్షరం అన్న ఒప్పందం ఉంటేనే ఒక యంత్రంలో రాసింది ఇంకో యంత్రంలో చదవగలం. భారతీయ భాషలకి అలాంటి ఒప్పందం లేకపోలేదు. ఇస్కీ అనే ప్రమాణం 1988లో వచ్చింది, 1991లో దాన్ని భారత ప్రమాణాల సంస్థ ఖాయం చేసింది. అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో ఇస్కీ వరసనే అనుసరించి తెలుగుకి 128 గళ్ళ వీధి ఒకటి కేటాయించారు. అంటే మనకి ఇల్లు 1991లోనే కట్టి ఉంది. కానీ కాపురానికి వెళ్ళడానికి పది పదిహేనేళ్ళు పట్టింది. మామూలు ఇంటి కంప్యూటర్లో తెలుగు యూనికోడ్ కనబడింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. అదీ కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ మళ్ళీ లోపల పెడితేగానీ కనపడేది కాదు. ఆ టిక్కు సంగతి నాన్నలాంటివాళ్ళకి ఎవరు చెబుతారు?

ఈలోగా పుస్తకాలు ఆగవు, పెళ్ళిపత్రికలు ఆగవు, ఎన్నికల కరపత్రాలు అసలే ఆగవు. కాబట్టి డీటీపీ సెంటర్లు వేరే దారి పట్టాయి. ఇంగ్లీషు ఫాంటులో 'ఏ' బొమ్మ ఉండాల్సిన గదిలో తలకట్టు బొమ్మో, గుడిదీర్ఘమో, సగం 'ప'నో పెట్టేశారు. కంప్యూటరు తను ఇంగ్లీషు రాస్తున్నాననుకుంటుంది, కళ్ళకి తెలుగు కనిపిస్తుంది. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో తెలుగు ప్రచురణ రంగమంతా ఏళ్ళ తరబడి నడిచింది ఇలాగే. ఒక్కో కంపెనీ తన ఇష్టమొచ్చిన బొమ్మని తన ఇష్టమొచ్చిన గదిలో పెట్టుకుంది. పత్రికల వెబ్‌సైట్లు కూడా అంతే, ఈనాడుది ఒక ఫాంటు, ఇంకో పత్రికది ఇంకో ఫాంటు. వాటన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కి ఉండేదని నా వయసువాళ్ళకి గుర్తుండొచ్చు.

ఇదే కాలంలో అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంకో పని చేశారు. రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేశారు: తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరు రాసినా ఒకేలా రాసే పద్ధతి. చూడ్డానికి వికారంగా ఉండేది. తెలుగు భాషాభిమానులకి ఒళ్ళు మండేలా ఉండేది. 1998లో మొదలైన ఈమాట లాంటి వెబ్ పత్రికల వెనకా, ఇంటర్నెట్ చర్చాబృందాల వెనకా ఉన్నది ఆ లిపే. ఇప్పుడు వెనక్కి చూస్తే నాకు ఆశ్చర్యమనిపించేది ఇదే. 1990ల్లో ఆర్‌టీఎస్‌లో రాసిన పద్యాన్ని ఇవాళ ఒక్క నిమిషంలో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, ఎందుకంటే ఏ ముక్క ఏ అక్షరమో అందరికీ తెలిసిన ఒప్పందం అది. అదే ఏడాది అందమైన ఫాంటులో కంపోజ్ చేసిన పుస్తకం ఫైలు మాత్రం ఆ ఫాంటు లేని చోట చెత్త. నాకు తెలిసిన ఒక రచయిత తన కథల సంపుటి రెండో ముద్రణకి, మొదటి ముద్రణ ఫైళ్ళు సీడీలో పదిలంగా ఉండి కూడా, మొత్తం మళ్ళీ టైపు చేయించుకున్నారు. యూనికోడ్ వచ్చిన తర్వాత కూడా పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లు దాన్ని సరిగ్గా పేర్చడం చాలా ఆలస్యంగా నేర్చుకోవడంతో, అచ్చు ప్రపంచం పాతదాన్ని అంత తొందరగా వదల్లేదు. వెబ్ మాత్రం ముందే కదిలింది: 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, ఆ తర్వాత వీవెన్ లేఖిని. మనం ఇవాళ ఫోన్లో ఆలోచించకుండా తెలుగు కొట్టేస్తున్నామంటే వీళ్ళ పుణ్యమే.

కాబట్టి నాన్న ఫైలు ఒక్కటీ తెచ్చుకుంటే చాలదు. ఆ ఫాంటు కావాలి. ఆ ఫాంటులో ఏ గదిలో ఏ బొమ్మ ఉందో తెలియాలంటే అది బతికున్న చోటికి వెళ్ళాలి. అంటే సిస్టం మొత్తాన్ని కదిలించాలి.

సాయంత్రానికి ఆ నకలునే ఒక వర్చువల్ మెషీన్‌కి డిస్కుగా ఇచ్చి, నా ల్యాప్‌టాప్ లోపల నాన్న కంప్యూటర్ని లేపడానికి చూశాను. నీలం తెర. పాపం ఎక్స్‌పీకి తన పాత మదర్‌బోర్డు తప్ప ఇంకో ప్రపంచం తెలియదు. ఎదురుగా ఉన్న డిస్కునే గుర్తుపట్టలేకపోయింది. దానికి అలవాటైన పాత రకం డిస్కు కంట్రోలర్ ఉన్నట్టు నమ్మించేసరికి రాత్రి పది. చివరికి ఒక కిటికీలో, పచ్చటి కొండా నీలి ఆకాశం కింద, నాన్న డెస్క్‌టాప్ లేచింది. ఆయన టైపుకి వాడిన సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. ప్రింటర్ కేబుల్ తగిలించే చోట పెట్టే 'లాక్' ఒకటి ఉంటేనే అది నడుస్తుంది, ఆ లాక్ ఎప్పుడో పోయింది. అయితే ఫాంటు ఫోల్డర్లో ఫాంటు ఉంది. వర్డ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు కనిపించింది.

నాన్నని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఫర్నేసుకి కేపిటల్ రిపేరు చేసినట్టు చేసినావు. పైన పెంకు అదే, లోపలి ఇటుకంతా కొత్తది" అన్నాడు.

దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం ఇంకో వారం పని. ఫాంటులోని రెండొందల చిల్లర బొమ్మలకి పట్టిక రాసుకుని, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. వత్తు కొన్నిచోట్ల అక్షరం కంటే ముందే వచ్చేస్తుంది, ఐత్వం రెండు ముక్కలై పైనొకటి కిందొకటి ఉంటుంది, వాటిని సర్దాలి. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది 'మ'. నాన్న చూపుని బట్టి టైపు చేసేవాడు. 'వ' కొట్టి కొమ్ము తగిలిస్తే అచ్చం 'మ'లా కనపడుతుంది. కాబట్టి అసలు 'మ' ఎక్కడుందో వెతుక్కునే బదులు అలాగే కొట్టేశాడు. కాగితం మీద ఎవరికీ తేడా తెలియదు. యూనికోడ్‌కి మాత్రం తెలుసు. 'మడి' ఉన్న చోటల్లా 'వుడి' వచ్చింది, 'మామిడి' కాస్తా 'వూవిుడి' అయింది. సరే అని 'వు'లన్నిటినీ 'మ'లుగా మార్చమంటే, 'చెరువు' పోయి 'చెరుమ' అయింది, 'ఆవు' పోయి 'ఆమ' అయింది. ఇది ఏ ప్రోగ్రామూ తేల్చలేదు, ఊరి గురించి తెలిసినవాడే తేల్చాలి.

అలా సంక్రాంతి మూడురోజులూ నాన్న చదివాడు, నేను దిద్దాను. గెడ్డ దాటాక వచ్చే మెరక, ఎండాకాలం కూడా నీళ్ళు ఉండే బంద, ఇద్దరన్నదమ్ములు మాటలు మానేశాక మధ్యలో గట్టు వేసుకుని రెండైన మడి. చదువుతూ చదువుతూ అక్కడక్కడ ఆగిపోయేవాడు. నాకు 'ర్యాంపు', 'గేటు', 'సెక్టారు' అనే తెలిసిన నేలకి ఇన్ని పేర్లున్నాయని నా ముప్పై అయిదేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. మా ఊళ్ళకి వాటిని ఖాళీ చేయించిన ఏడాది తెలిసే చరిత్ర ఉంది. వాటి లోపల ఏముండేదో రాసిపెట్టినవాళ్ళు తక్కువ. రాసినవాళ్ళలో ఒకరి రాత, ఒప్పందం లేని ఒక ఫాంటులో, టిక్కుటిక్కుమంటున్న డిస్కులో ఉండిపోయింది.

41వ పేరు సగంలో ఆగిపోయింది. 42 లేదు. 43 మధ్యలోంచి మొదలైంది. పోయిన ఆ ఒక్క గడీ అదే: 512 బైట్లు. ఆ ఫాంటులో అక్షరానికి రెండు మూడు ముక్కలు చొప్పున సుమారు 200 అక్షరాలు.

"ఇక్కడేం రాశావు నాన్నా?"

చాలాసేపు ఆలోచించాడు. "బావి అనుకుంటాను. సాకిరేవు దగ్గిరిది" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర పెద్దనాన్న ఫోన్ చేస్తే అడిగాడు. ఆయన బావి కాదు, రావిచెట్టన్నాడు. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు.

నాకు రెండు దార్లున్నాయి. నాన్న చెప్పిందే 42లో పెట్టి అంకె కలిపెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ 2004లో నలభై తొమ్మిదేళ్ళ మనిషి రాసిందీ, ఇవాళ డెబ్భై నాన్న గుర్తుచేసుకున్నదీ ఒకటి కాదు. కాబట్టి 42ని ఖాళీగానే ఉంచి, పక్కన ఇలా రాశాను: ఇక్కడ డిస్కులో ఒక గడి చదవలేకపోయాం, తమ్ముడు సాకిరేవు బావి అంటున్నాడు, అన్న రావిచెట్టంటున్నాడు. నాన్న చూసి, "అలాగే ఉంచు" అన్నాడు.

నకళ్ళు ఇంకా తీస్తూ ఉండాలన్నది ఈ పనిలో నేను నేర్చుకున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మనలో చాలామందికి పాత తెలుగు పుస్తకాల గని. 2017 ప్రాంతంలో ఆ సైట్ మూతపడింది. అంతకుముందే కార్ల్ మాలముద్ సంస్థ పబ్లిక్ రిసోర్స్ అందులోంచి నాలుగు లక్షల పైచిలుకు పుస్తకాల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి ఎక్కించి ఉండకపోతే, మనం ఇవాళ చదువుతున్న ఎన్నో పీడీఎఫ్‌లు ఉండేవి కావు. పెద్ద గ్రంథాలయాలకే ఇలా ఉంటే, ఇళ్ళలో మూలపడ్డ డబ్బాల మాటేమిటి? మీ ఇంట్లో టీచరుగా చేసిన తాతయ్యో, డీటీపీ చేసిన బాబాయో, ఆడియో కేసెట్లకి పాటలు రాసిన అత్తయ్యో ఉంటే, వాళ్ళ పాత కంప్యూటర్ని తుక్కుకి వేసేముందు డిస్కు ఊడదీసి దాచండి. ఫైలుతో పాటు ఫాంటు కూడా తీసుకోండి. రాసినవాళ్ళు పక్కనుండగానే చదివించండి, మూడోది అన్నిటికంటే ముఖ్యం.

ఇప్పుడు నాన్న ఊరు మూడు చోట్ల ఉంది. ఆయన కొత్త కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌డీలో, మా ఇంట్లో ఒక డిస్కులో, కాగితం మీద. కాగితం ఈసారి అట్టపెట్టెలో కాకుండా బీరువా పై అరలో పెట్టాం. కొత్త డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసి నాన్న అడిగాడు.

"ఇది ఎన్నాళ్ళుంటాదిరా?"

"ఆరేడేళ్ళు నమ్మొచ్చు నాన్నా. కరెంటు ఇవ్వకుండా మూల పడేస్తే అంత కూడా ఉండదు. మళ్ళీ మార్చుకోవాల్సిందే."

"అంతేనా" అని, కాసేపాగి, కొత్త కీబోర్డు దగ్గరకి లాక్కున్నాడు. 119 అని కొట్టి, ఆ తర్వాత 'మ' ఎక్కడుందో చూపించమన్నాడు.